పేరుకు హెచ్‌డీ, చూస్తే మసక

పంజాగుట్ట చౌరస్తా నుంచి అమీర్‌పేట దాకా మెట్రో వంతెన నీడలో నడిచి వెళితే, ఎలక్ట్రానిక్స్ షోరూముల అద్దాల వెనక టీవీలు వరసగా వెలుగుతుంటాయి. అన్నింట్లోనూ దాదాపు ఒకే రకం బొమ్మలు. నల్లటి నేపథ్యం మీద ఒలికే రంగులు, రామచిలుకలు, సముద్రం అడుగున చేపలు. చిలుక ఒంటిమీద ఈకలు విడివిడిగా లెక్కపెట్టవచ్చు. అక్కడి కుర్రాణ్ని పిలిచి, ‘తమ్ముడూ, ఏదైనా తెలుగు చానల్ పెట్టు, సీరియలైనా సరే వార్తలైనా సరే’ అని అడిగి చూడండి. ‘సెట్‌టాప్ బాక్సు కనెక్షన్ లేదు సార్, యూట్యూబ్ పెట్టమంటారా?’ అంటాడు. అతని తప్పేమీ లేదు. యాభై అయిదు అంగుళాల తెర మీద మన చానల్ పెడితే బేరం కుదరదని అమ్మేవాళ్లందరికీ తెలుసు.

ఆ డెమో వీడియో పెన్‌డ్రైవ్‌లోంచో, టీవీ సొంత మెమరీలోంచో నడుస్తుంది. దానికి సమాచారం కొదవ లేదు. అదే టీవీని ఇంటికి తెచ్చి గోడకు బిగించి, కేబుల్ బాక్సు తగిలించాక కథ మారిపోతుంది. ఏదో సినిమాలో పెళ్లిపాట వస్తుంది. వంద మంది డాన్సర్లు, పైనుంచి రంగు కాగితాల వాన, గిర్రున తిరిగే లంగా అంచు. సరిగ్గా అప్పుడు తెరకు దగ్గరగా వెళ్లి చూడండి. వెనక వరసలో వాళ్లకు కళ్లూ ముక్కూ ఉండవు. కాగితం ముక్కలు చిన్న చిన్న గళ్లుగా కలిసిపోతాయి. క్రికెట్‌లో ఇది ఇంకా తేలిగ్గా దొరుకుతుంది. బంతి బౌండరీ వైపు పరుగెడుతుంటే కెమెరా దాని వెంట తిరుగుతుంది, మైదానమంతా పచ్చటి పూతగా మారుతుంది. కెమెరా ఆగిన అర సెకనుకు గడ్డి మళ్లీ మొలుస్తుంది. తెర మూలన ‘హెచ్‌డీ’ అనే ముద్ర మాత్రం ఎప్పుడూ స్పష్టమే. అది కదలదు కనుక దాన్ని చూపించడానికి పెద్దగా ఖర్చుండదు.

ఇంట్లో వాళ్లు మొదట టీవీని అనుమానిస్తారు. పెద్దవాళ్లు తమ కళ్లజోడును అనుమానిస్తారు. చివరికి నెల డబ్బులకు వచ్చిన కేబుల్ కుర్రాడి మీద పడతారు. అతను బాక్సు తీసి మళ్లీ పెట్టి, వైరు కొస కత్తిరించి కొత్త కనెక్టరు బిగించి, ‘సిగ్నల్ ఫుల్‌గా ఉంది అంకుల్’ అంటాడు. అతను చెప్పేది అక్షరాలా నిజం. సిగ్నల్ నిండుగానే ఉంది. అందులో ఉండాల్సిన బొమ్మే సగం లేదు.

హెచ్‌డీ అన్న పేరు చెప్పేది తెర మీద ఎన్ని చుక్కలున్నాయన్న లెక్క ఒక్కటే. అడ్డంగా 1920, నిలువుగా 1080, మొత్తం 20,73,600. పాత ఎస్‌డీ బొమ్మలో అడ్డంగా 720, నిలువుగా 576, మొత్తం 4,14,720. అంటే హెచ్‌డీ సరిగ్గా అయిదు రెట్లు. ఆ చుక్కలను నింపడానికి సెకనుకు ఎంత సమాచారం పంపుతున్నారు అన్నది వేరే ప్రశ్న. దాన్నే బిట్‌రేట్ అంటారు. ఈ రెండో అంకె పెట్టె మీద ఉండదు, బిల్లులో ఉండదు, చానల్ ప్రకటనలో ఉండదు. నాణ్యత అంతా నడిచేది మాత్రం దాని మీదే.

స్టూడియోలో కెమెరా నుంచి వచ్చే హెచ్‌డీ బొమ్మను తీగ మీద పంపితే సెకనుకు 1,485 మెగాబిట్లు కావాలి. అంత లావు ప్రవాహాన్ని ఎవరి ఇంటికీ పంపలేరు కాబట్టి కుదిస్తారు. ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య ఏది మారిందో అది మాత్రమే పంపి, మారనిదాన్ని పాతదాంతోనే నెట్టుకొస్తారు. స్టూడియోలో కూర్చుని వార్తలు చదివే వ్యక్తి విషయంలో ఇది అద్భుతంగా పనిచేస్తుంది. పెదవులు, కనురెప్పలు తప్ప అక్కడ మారేదేముంది? వాన, మంట, నీటి అలలు, జనసమ్మర్దం, పచ్చిక మీద తిరిగే కెమెరా వచ్చినప్పుడు ప్రతి చుక్కా మారుతుంది. అప్పుడు బిట్లు చాలకపోతే యంత్రం సూక్ష్మమైన వివరాలను వదిలేసి స్థూలమైన రంగుల గళ్లను పంపిస్తుంది. మన హెచ్‌డీ చానళ్లు చాలావరకు 1080ఐ పద్ధతిలో, అంటే సగం గీతలు ఒకసారి, మిగతా సగం ఇంకోసారి పంపుతాయి. వేగంగా కదిలే బొమ్మ అంచుల్లో దువ్వెన పళ్లు కనిపిస్తే దానికి మూలం ఇదే. ఎంపెగ్-4 అనే కుదింపు పద్ధతిలో మంచి హెచ్‌డీకి ఏడెనిమిది మెగాబిట్లయినా ఉండాలని ఈ రంగంలో పనిచేసేవాళ్లు అంటారు. అంటే స్టూడియో తీగలో ఉన్నదానిలో సుమారు రెండువందలో వంతు. ఆ మాత్రం ఉంటే కంటికి లోటు తెలియదు. అందులో మళ్లీ సగం కోస్తేనే చిక్కు.

ఎందుకు కోస్తారు? డిజిటల్ కేబుల్‌లో ఒక్కో ఫ్రీక్వెన్సీ ఎనిమిది మెగాహెర్ట్జ్ వెడల్పుంటుంది. వాడుకలో ఉన్న పద్ధతిలో దానిలో దాదాపు 38 మెగాబిట్లు పడతాయి. అయిదు హెచ్‌డీ చానళ్లు పెడితే ఒక్కోదానికి ఏడున్నర వస్తుంది. తొమ్మిది పెడితే నాలుగుకు కాస్త పైన. అమీర్‌పేటలో షేర్ ఆటో ఎక్కినవాళ్లకు ఈ లెక్క వివరించనక్కర్లేదు. ముగ్గురి సీట్లో ఆరుగురు కూర్చుంటారు, బండి కదులుతుంది, అందరూ దిగాల్సిన చోట దిగుతారు. అందుకే ఎక్కించినవాడు తాను తప్పు చేశాననుకోడు.

దీన్ని కాస్త తెలివిగా నిర్వహించే పద్ధతి కూడా ఉంది. దాని పేరు స్టాటిస్టికల్ మల్టీప్లెక్సింగ్. ఒక చానల్లో కదలిక తక్కువగా ఉన్నప్పుడు మిగిలే బిట్లను, ఆ క్షణంలో అవసరమున్న పక్క చానల్‌కు ఇస్తారు. ఒక చర్చా కార్యక్రమం, ఒక ప్రవచనం, ఒక సినిమా కలిసి ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. రాత్రి ఎనిమిది నుంచి పది దాకా పరిస్థితి వేరు. అన్ని వినోద చానళ్లూ డాన్స్ షోలు, పాటల పోటీలు, కొత్త సినిమాలు వేస్తాయి. ఐపీఎల్ నెలల్లో దానికి క్రికెట్ తోడు. అందరికీ ఒకేసారి బిట్లు కావాలి, ఇచ్చేవాడెవడూ ఉండడు. మధ్యాహ్నం బాగానే కనిపించిన చానల్ రాత్రికి మసకబారుతోందని కొందరు చెబుతుంటారు. అది భ్రమ కాదు.

అమీర్‌పేటలోనే సారథి స్టూడియోస్ ఉంది. మద్రాసు నుంచి తెలుగు సినిమా ఇంకా కదలని రోజుల్లో హైదరాబాద్‌లో వెలిసిన స్టూడియో అది. ఇప్పుడు సినిమాలతోపాటు టీవీ షూటింగులకూ నెలవు. అక్కడ ఒక కార్యక్రమం తీశారనుకుందాం. కెమెరా ఖరీదైనది, లైట్లు బాగున్నాయి, మేకప్‌లో పౌడరు మోతాదు కూడా కనిపించేంత స్పష్టత ఉంది. ఎడిటింగ్ అయ్యాక అది చెన్నైలోనో ముంబైలోనో ఉన్న చానల్ కేంద్రానికి చేరుతుంది. అక్కడ మొదటిసారి కుదించి, భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి పంపుతారు. ఉపగ్రహం నుంచి మళ్లీ అంతే దూరం కిందికి. హైదరాబాద్‌లో పెద్ద కేబుల్ సంస్థ కంట్రోల్ రూములో ఆ మూట విప్పుతారు. చాలా చోట్ల తమ దగ్గరున్న చోటుకు సరిపోయేలా ఇంకోసారి కుదిస్తారు. ఒకసారి కుదించినప్పుడు పోయిన వివరం రెండోసారి తిరిగి రాదు. పైగా మొదటి కుదింపులో పుట్టిన మరకలను రెండో యంత్రం అసలు బొమ్మలో భాగమే అనుకుని, వాటిని కాపాడటానికి బిట్లు ఖర్చుపెడుతుంది. ఆ తర్వాత ఫైబరు, వీధి చివర నోడు, స్తంభం మీది తీగ, బాక్సు. చివరికి స్టూడియో వెనక వీధిలో ఉండే ఇంట్లో ఆ కార్యక్రమం కనిపిస్తుంది. 72,000 కిలోమీటర్లు తిరిగొచ్చిన బొమ్మను ఆ ఇంటి 4కే తెర నాలుగు రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. మరకలనూ నాలుగు రెట్లు పెద్దవి చేస్తుంది. చిన్న టీవీలో ఎన్నడూ కనిపించని లోపం పెద్ద టీవీ కొన్నాక కనిపించడానికి కారణం ఇదే. తెరలు ఏటేటా పెరుగుతున్నాయి, లోపలికొచ్చే బొమ్మ తగ్గుతోంది.

ఇక్కడ రెండు జబ్బులను కలిపి చూడకూడదు. బొమ్మ హఠాత్తుగా ఆగిపోవడం, పెద్ద పెద్ద గళ్లుగా పగలడం, మాట తెగిపోవడం జరిగితే అది సిగ్నల్ లోపం. తీగ తెగింది, కనెక్టరు తుప్పు పట్టింది, డిష్ పక్కకు తిరిగింది, వాన పడింది. దానికి కేబుల్ కుర్రాడు జవాబుదారీ. మాట చక్కగా వినిపిస్తూ, బొమ్మ ఎక్కడా ఆగకుండా, కదిలినప్పుడు మాత్రమే మొహాలు కరిగిపోతే అది బిట్ల కరువు. స్క్రోలింగ్ అక్షరాల చుట్టూ దోమలు ముసిరినట్టు చుక్కలాడటం, రాత్రి ఆకాశంలో రంగు మెట్లు మెట్లుగా విడిపోవడం కూడా ఈ రెండోదాని లక్షణాలే. దానికి వీధిలో ఎవరూ జవాబు చెప్పలేరు.

మొదటి రకం ఇబ్బంది హైదరాబాద్‌లో ఈమధ్య పెరిగింది, నిజమే. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి అయిదుగురు చనిపోయాక, విద్యుత్ సంస్థ సిబ్బంది స్తంభాల మీద వేలాడే కేబుళ్లను కోసేశారు. ఎన్నో వీధుల్లో టీవీ, ఇంటర్నెట్ ఆగాయి. వివాదం హైకోర్టు దాకా వెళ్లింది. అది తీగల సమస్య. తీగలన్నీ భూగర్భంలో చక్కగా పరిచినా ఈ వ్యాసంలో చెబుతున్న మసక మాత్రం తొలగదు.

అదే రామంతాపూర్‌తో మన టీవీ చరిత్రకు పాత బంధం ఉంది. 1977 అక్టోబరులో మొదలైన హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం అక్కడే ఉంది. అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ డాబాల మీద అల్యూమినియం యాంటెన్నాలు తూర్పుకేసి తిరిగి ఉండేవి. ఒకరు డాబా మీద గొట్టం తిప్పుతుంటే ఇంకొకరు కింద గదిలోంచి ‘వచ్చింది, వచ్చింది... పోయింది’ అని అరవడం అప్పటివాళ్లకు గుర్తే. ఆ బొమ్మ గొప్పదేమీ కాదు. పెద్ద భవనం అడ్డొస్తే మనిషి పక్కన మరో మనిషి నీడ కనిపించేది. స్కూటరు వెళితే గీతలు పడేవి. అయితే ఆ లోపం లోపంలాగే కనిపించేది. చుక్కలొస్తున్నాయంటే సిగ్నల్ బలహీనంగా ఉందని పిల్లలకూ తెలుసు. ఈనాటి లోపం అలా బయటపడదు. శుభ్రంగా, నున్నగా, పూర్తయిన బొమ్మలాగే కనిపిస్తుంది. ఏదో తగ్గిందని అనిపిస్తుంది గానీ ఏం తగ్గిందో చెప్పలేం. చెప్పలేనిదాని మీద ఫిర్యాదు రాయడం కష్టం.

గాలిలోంచి యాంటెన్నాకు నేరుగా హెచ్‌డీ వచ్చే రోజు హైదరాబాద్‌కు రానే లేదు. 2010 కామన్వెల్త్ క్రీడలప్పుడు దూరదర్శన్ హెచ్‌డీలోకి అడుగుపెట్టింది. 2016 ఫిబ్రవరిలో పదహారు నగరాల్లో భూతల డిజిటల్ ప్రసారాలు ప్రారంభించింది. ఢిల్లీ, ముంబై, చెన్నై, బెంగళూరు ఉన్నాయి, రాంచీ, రాయ్‌పూర్, ఇండోర్ కూడా ఉన్నాయి, హైదరాబాద్ లేదు. ఆ పదహారు నగరాల్లో అయినా ఇచ్చింది మామూలు ఎస్‌డీ చానళ్లే. 2022 మార్చి నాటికి, వ్యూహాత్మక ప్రాంతాల్లో యాభై వరకు మినహా, పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లన్నింటినీ మూసేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. డాబా మీది గొట్టాలు పాతసామాను బండెక్కాయి. ఉచితంగా చూడాలంటే ఇక డీడీ ఫ్రీ డిష్ ఒక్కటే. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైన ఈ సేవ పేదవాళ్ల ఇళ్లకు చేసిన మేలు చిన్నది కాదు. అందులోనూ ప్రైవేటు చానళ్లకు స్లాట్లను వేలం వేస్తారు, ఒక్కో స్లాటు కోట్లు పలుకుతుంది. ఉపగ్రహంలోని ఒక ట్రాన్స్‌పాండరులో ఎన్ని స్లాట్లు ఇరికిస్తే అంత ఆదాయం. ప్రభుత్వ సంస్థకూ ప్రైవేటు సంస్థకూ ఇక్కడ ప్రలోభం ఒకటే.

2013 మార్చి 31 నాటికి కేబుల్‌ను డిజిటల్‌కు మార్చాల్సిన 38 నగరాల జాబితాలో హైదరాబాద్, విశాఖపట్నం ఉన్నాయి. అప్పటి ప్రభుత్వ ప్రకటనల్లో ప్రధానంగా వినిపించింది మెరుగైన బొమ్మ, మెరుగైన ధ్వని. అనలాగ్‌లో ఒక చానల్ పట్టే చోట డిజిటల్‌లో పది, పన్నెండు పడతాయి. మిగిలిన చోటును నాణ్యతకూ వాడుకోవచ్చు, సంఖ్యకూ వాడుకోవచ్చు. దేశంలో అనుమతి పొందిన ప్రైవేటు ఉపగ్రహ చానళ్లు సుమారు తొమ్మిది వందలు. వాటిలో ప్రతిదానికీ కేబుల్ పెట్టెలో చోటు కావాలి, చోటు కోసం డబ్బు చెల్లించడానికి చాలా చానళ్లు సిద్ధం. చోటు ఎటు పోయిందో వేరే చెప్పాలా?

నియంత్రణ సంస్థ ట్రాయ్ ఈ సంతలో ధరల గురించి ఎంతో శ్రమపడింది. 2019 ఫిబ్రవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త టారిఫ్ విధానంలో వంద చానళ్లకు నెట్‌వర్క్ రుసుము 130 రూపాయలు, పన్ను అదనం. బొకేలో, అంటే చానళ్ల గుత్తిలో, పెట్టాలంటే చానల్ ధర 19 రూపాయలు దాటకూడదన్నారు. 2020లో దాన్ని 12కు దించి, 2022 నవంబరులో మళ్లీ 19 చేశారు. 2024 జులైలో నెట్‌వర్క్ రుసుము మీద పరిమితినే ఎత్తేశారు. ఈ మొత్తం కసరత్తులో హెచ్‌డీని కొలిచిన సూత్రం ఒకటుంది. వంద చానళ్ల లెక్కలో ఒక హెచ్‌డీ చానల్ రెండు ఎస్‌డీ చానళ్లతో సమానం అన్నారు.

అయిదు రెట్ల చుక్కలకు రెండు రెట్ల చోటు. దీన్ని మరీ అన్యాయం అనలేం. ఎంపెగ్-4 కుదింపు పాత ఎంపెగ్-2 కన్నా సుమారు రెండింతల పొదుపరి, పైగా బొమ్మ పెద్దదైన కొద్దీ చుక్కకు కావాల్సిన బిట్లు తగ్గుతాయి. ట్రాయ్ ఆ సూత్రం పెట్టింది రుసుము లెక్కకే గానీ నాణ్యతకు కాదు. అయినా వినియోగదారుడి బిల్లులో హెచ్‌డీకి దొరికే కొలత అదొక్కటే అయిపోయింది. రెండు చానళ్ల చోటుకు డబ్బు కట్టించుకున్నవాడు ఆ చోటు నిజంగా ఇచ్చాడా లేదా అని చూసేవాళ్లెవరు? ట్రాయ్ 2017లో తెచ్చిన సేవా నాణ్యత నిబంధనల్లో కనెక్షన్ ఎన్ని రోజుల్లో ఇవ్వాలి, ఫిర్యాదు ఎన్ని గంటల్లో తీర్చాలి, కాల్ సెంటరు ఎలా ఉండాలి అన్నీ ఉన్నాయి. ఇంటికి చేరే హెచ్‌డీ బొమ్మకు కనీసం ఇన్ని బిట్లుండాలన్న మాట లేదు.

ఇదే ట్రాయ్, ఇదే కేంద్ర ప్రభుత్వం ఇంటర్నెట్ విషయంలో ఇలా లేవు. సెకనుకు 512 కిలోబిట్లుగా ఉన్న బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగాన్ని 2023లో 2 మెగాబిట్లకు పెంచారు. అంతకుముందే, 2016లో, ఎవరి ఫోన్లో వేగం ఎంతో వాళ్లే కొలుచుకోవడానికి ట్రాయ్ ఒక యాప్ ఇచ్చింది. చాలా ఇళ్లలో ఇంటర్నెట్టూ టీవీ ఒకే ఆపరేటరు దగ్గర నుంచి, ఒకే తీగ మీద వస్తాయి. ఒకదాని వేగం అంకెలతో సహా రసీదులో ఉంటుంది. రెండోదాని మీద హెచ్‌డీ అనే రెండు అక్షరాలు.

కొలత చేతిలో ఉన్నప్పుడు వీక్షకులు ఎలా మాట్లాడతారో బ్రిటన్‌లో చూశాం. 2009 ఆగస్టులో బీబీసీ తన హెచ్‌డీ చానల్ బిట్‌రేట్‌ను 16 మెగాబిట్ల నుంచి 9.7కు తగ్గించింది. కొత్త ఎన్‌కోడర్లు వచ్చాయి, తక్కువ బిట్లతోనే అంతే నాణ్యత ఇస్తాయి అన్నది సంస్థ వాదన. జనం ఒప్పుకోలేదు. అంకెలు పట్టుకుని నిలదీశారు, విషయం బీబీసీ ట్రస్ట్ దాకా వెళ్లింది. మరుసటి ఏడాది సన్నివేశాన్ని బట్టి బిట్లు పెరిగే, తగ్గే పద్ధతికి బీబీసీ మారింది. అక్కడివాళ్లకు ఆ అంకె తెలియడానికి కారణం, ఆ ప్రసారం తాళం లేకుండా ఉపగ్రహం నుంచి వచ్చేది. కంప్యూటరుకు ఒక కార్డు తగిలిస్తే ఎవరైనా కొలవవచ్చు. మన పే చానళ్లకు తాళం ఉంది, తాళం చెవి ఆపరేటరు ఇచ్చిన బాక్సులో ఉంది. ఆ బాక్సు సిగ్నల్ బలం ఎంతో చూపిస్తుంది గానీ చానల్ బిట్‌రేట్ చూపించదు. చూపించలేక కాదు, బొమ్మను విప్పడానికి ఆ బిట్లన్నీ బాక్సు గుండానే పోతాయి, వాటిని లెక్కపెట్టడం కష్టమేమీ కాదు. మెనూలో ఆ గీత పెట్టలేదు, అంతే.

అమెరికాలో గాలి ద్వారా వచ్చే హెచ్‌డీ ఒకప్పుడు కేబుల్ కన్నా బాగుండేదని పేరు. 2009 జూన్ 12న అక్కడ పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేశాయి. ఒక్కో స్టేషనుకు 6 మెగాహెర్ట్జ్, అందులో 19.39 మెగాబిట్లు, దాదాపు అంతా ఒక్క హెచ్‌డీ చానల్‌కే. డాలస్ శివార్లలో స్థిరపడ్డ మనవాళ్లు కూడా కిటికీకి యాంటెన్నా తగిలించి లోకల్ వార్తలు ఉచితంగా చూస్తుంటారు. తర్వాత స్టేషన్లు అదే చోటులో పాత సీరియళ్ల చానలొకటి, షాపింగ్ చానలొకటి చేర్చుకుంటూ పోయాయి. 2017లో స్పెక్ట్రమ్ వేలం ముగిశాక కొన్ని స్టేషన్లు ఒకే ఫ్రీక్వెన్సీని పంచుకున్నాయి. ఆపైన కొత్త పద్ధతి ఏటీఎస్‌సీ 3.0 కోసం ఒక ట్రాన్స్‌మిటరును ఖాళీ చేసి, పాత పద్ధతి చానళ్లను పక్క స్టేషన్లలో సర్దారు. కొత్తది బాగుంటుందన్న హామీ కోసం ఉన్నది పాడుచేశారని అక్కడి వీక్షకుల బాధ. అక్కడి చట్టం కూడా స్టేషన్ హెచ్‌డీలోనే ప్రసారం చేయాలని అనదు. పాత అనలాగ్‌కు తగ్గని ఒక ఉచిత చానల్ ఇస్తే చాలంటుంది.

మన ఆపరేటర్లను అడిగితే ఒక మాట అంటారు: ‘కంప్లయింటే రావట్లేదు కదా.’ ఇది కొంత నిజం, కొంత ఆలోచించాల్సిన నిజం. తేడా తెలిసిన వాళ్లు ఫిర్యాదు చేయరు, వెళ్లిపోతారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లలు కేబుల్ టీవీ అడగరు, వైఫై ఉందా అని అడుగుతారు. అదే సీరియల్, అదే క్రికెట్ యాప్‌లో చూస్తే స్పష్టంగా ఉంటుందని వాళ్లకు తెలుసు. కేబుల్‌తో మిగిలేది ఎవరు? రిమోట్‌లో నాలుగు నంబర్లకు అలవాటుపడ్డ తాతయ్యలు, అమ్మమ్మలు. టీవీ వేసుకుని వంట చేసుకునే గృహిణులు. కుట్టుమిషన్ పక్కన చిన్న టీవీ పెట్టుకున్న టైలరు. ఫిర్యాదు చేయడం తెలియనివాళ్లు, చేసినా సాగదని నమ్మినవాళ్లు. బ్రాడ్‌కాస్టర్లు, కేబుల్ సంస్థలు ఖాతాదారులు తగ్గుతున్నారని ప్రతి సంప్రదింపుల సమావేశంలోనూ మొరపెట్టుకుంటాయి. ఉన్నవాళ్లకు అమ్మిన సరుకు పలచబడటమూ దానికి ఒక కారణమేమో చూసుకోవడం వాటికే మంచిది.

ఇందుకు కావలసినవి భారీ సంస్కరణలేమీ కావు. ప్రతి పంపిణీ సంస్థ తన హెచ్‌డీ చానళ్ల సగటు బిట్‌రేట్‌ను, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య కనిష్ఠ బిట్‌రేట్‌ను మూడు నెలలకోసారి తన వెబ్‌సైట్‌లో పెట్టాలని ట్రాయ్ ఆదేశిస్తే చాలు. ఈ అంకెలు కంట్రోల్ రూములో ఇరవైనాలుగు గంటలూ తెర మీద నడుస్తూనే ఉంటాయి, కొత్తగా కొలవాల్సిన పని లేదు. కుదింపు పద్ధతి పేరు కూడా పక్కన రాయాలి, లేకపోతే ఎంపెగ్-2 నాలుగు మెగాబిట్లూ ఎంపెగ్-4 నాలుగు మెగాబిట్లూ ఒకటేనన్న కొత్త మోసం పుడుతుంది. కనీస పరిమితి పెట్టాలా వద్దా అన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ముందే పరిమితి పెడితే అందరూ సరిగ్గా ఆ గీత దగ్గరికే దిగి కూర్చునే ప్రమాదం ఉంది కనుక, నేనైతే మొదట వెల్లడినే కోరతాను.

తొందరపడటానికి ఇంకో కారణం కూడా ఉంది. గాలి ద్వారా ప్రసారం మన దేశానికి మరో రూపంలో తిరిగి రాబోతోంది. సిమ్ కార్డు, డేటా అక్కర్లేకుండా టీవీని నేరుగా ఫోనుకు చేర్చే డైరెక్ట్ టు మొబైల్ పద్ధతిని ఢిల్లీ, బెంగళూరుల్లో పరీక్షించారు. దాని వెనకున్నది అమెరికాలో పాత చానళ్లను ఇరుకున పెట్టిన ఆ ఏటీఎస్‌సీ 3.0 సాంకేతికతే. 470 నుంచి 582 మెగాహెర్ట్జ్ దాకా ఉన్న స్పెక్ట్రమ్‌ను దీనికి కేటాయించాలన్న ఆలోచన ఉంది. ఫోను తెర చిన్నది కనుక రెండు మెగాబిట్లు చాలనే వాదన తప్పకుండా వస్తుంది. అదే సిగ్నల్‌ను రేపు యాభై అయిదు అంగుళాల టీవీకి కలుపుకునే డాంగిల్ కూడా వస్తుంది, దాని అట్టపెట్టె మీద హెచ్‌డీ అని ఉంటుంది. చోటు పంచే కాగితాల మీద సంతకాలు ఇంకా పడలేదు. ఒక్కో ఫ్రీక్వెన్సీలో ఎన్ని చానళ్లు ఉండవచ్చో, హెచ్‌డీ అని పిలవాలంటే ఒక్కోదానికి ఎన్ని మెగాబిట్లు ఉండాలో లైసెన్సు షరతుల్లో రాయించుకోవడానికి ఇదే అదను.